దీపం ఆర్పమన్న గొంతు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. భయం అంతకన్నా లేదు. నిజానికి భయపడాల్సింది అవే, ఎందుకంటే నాది అలాంటి గొంతు. నేను నగరిలో నిలబడి గట్టిగా దగ్గితే పుత్తూరులో పొయ్యి మీద పాలు విరిగిపోతాయని మావాళ్ళు చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే. విరిగేది పుత్తూరులో కాదు, రెండు వీధుల అవతల.

ఆటో పైన రెండు హారన్లు కట్టుకుని ఊళ్ళు తిరుగుతూ చీరల సేళ్ళ గురించి అరుస్తాయి చూడండి, ఆ అరుపు నాది. తిరుపతిలో ఒక ఇరుకు గదిలో, గోడలకు పాత బొంతలు కొట్టి, అందులో కూర్చుని రికార్డు చేస్తాను. పెన్‌డ్రైవ్‌లో వేసి ఆటోకి ఇస్తాను. మా చీర కడితే మీ మనవరాలు కూడా అదే కట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చుంటుందని నేను చెప్పిన చీరలు మొదటి ఉతుక్కే జల్లెడ అయిపోయిన సందర్భాలున్నాయి. పెంచి చెప్పడం నా వృత్తి. వృత్తిలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు, పక్క జిల్లాలో పుట్టబోడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ విషయం నేను ఎవరికి చెప్పినా మొదట నవ్వుతారు. మైకోడు ఇంకో కథ మొదలుపెట్టాడంటారు. కాబట్టి ఇందులో ఎక్కడైనా నా చెయ్యి జారితే వడల సైజులోనో, జనం లెక్కలోనో జారుతుంది. మా అక్క విషయంలో జారదు.

మా అక్క పేరు మునిరత్నమ్మ. అమ్మ మంచం పట్టిన రోజుల్లో నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. నగరిలో ఇచ్చారు. బావ దొరస్వామి మరమగ్గాల మీద తువ్వాళ్ళు నేస్తాడు. ఇంటి ముందు భాగంలో మగ్గాలు, వెనక భాగంలో కాపురం. పగలంతా ఆ రొదలో బతికేవాళ్ళు రెండు రకాలుగా తయారవుతారు. గట్టిగా మాట్లాడేవాళ్ళు, అసలు మాట్లాడనివాళ్ళు. బావ రెండో రకం. పెళ్ళిలో మంత్రాలు కూడా పురోహితుడే ఆయన తరఫున చెప్పాడని మా ఇంట్లో అనుకుంటాం. అక్క మొదటి రకం. రెండు మగ్గాలూ ఆడుతుంటే వాటి మీదుగా, వెనక గదిలో కండెలు చుడుతూ కూర్చునే, వీధిలో పోయే ఆకుకూరల బండిని ఆపగలిగేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. ఆ పని ఆమెది.

అందర్నీ నాయనా అనే పిలిచేది. బండివాణ్ణి, గుమ్మంలో పడుకున్న కుక్కని, టీవీలో వార్తలు చదివేవాణ్ణి కూడా. నన్ను మాత్రం మైకూ అనేది.

అక్కకు చాలా ఏళ్ళుగా షుగరు. మొదట మాత్రలతో సరిపోయింది. తర్వాత ఇన్సులిన్ సూది, రెండు పూటలా. తనకు తనే వేసుకునేది. ఏ పూటా మానిన మనిషి కాదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే చెమట పట్టి చేతులు వణికేవి. అలా అయితే ఇంత చక్కెరో బెల్లమో నోట్లో వేసుకుని కాసేపు కూర్చోమని డాక్టరమ్మ చెప్పింది. కండెల బుట్టలో నూలు పక్కనే చక్కెర పొట్లం పెట్టుకునేది. వేసుకునేది, కూర్చునేది, మళ్ళీ లేచి ఎవర్నో తిట్టేది. ఆమె తిట్లు మొదలైతే చక్కెర ఎక్కిందని మాకు గుర్తు.

మా వైపు తమిళ లెక్కలో వచ్చే పెరటాసి నెల శనివారాలంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ నెల శనివారాలు వెంకటేశ్వరస్వామివి. ఇంట్లో స్వామి పటం ముందు తళిగ వేస్తారు. అంటే అరటాకులో అన్నం, పులుసు, కూరలు, వడలు, చక్కెర పొంగలి అన్నీ వడ్డించి పెట్టడం. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట నొక్కి, అందులో నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. పిండి దీపం. ఆ దీపం తనంతట తాను కొండెక్కేదాకా ఇంట్లో ఎవరూ నోట్లో మెతుకు వేసుకోరు. కొండెక్కాక ఆ పిండే ప్రసాదం. అంతవరకూ ఒక్కపొద్దు, అంటే ఉపవాసం. మూడో శనివారం మరీ ముఖ్యం.

ఆ ఏడు మూడో శనివారానికి నేను తిరుపతి నుంచి బస్సెక్కి అక్క ఇంటికి వెళ్ళాను. మగ్గాలు ఆపేసి ఉన్నాయి. వాటి మీద పసుపు బొట్లు. వంటింట్లో మా బావ తరఫు ఆడవాళ్ళు ఒక బెటాలియన్. ఒక్కో వడ ఆటో టైరంత. మధ్యలో చిల్లు కూడా సరిగ్గా అంతే.

నేను వెళ్ళేసరికి వంటింట్లో ఒక పెద్ద వ్యాజ్యం నడుస్తోంది. అక్క పొద్దున లేచి అలవాటు ప్రకారం సూది వేసుకుంది. ఒక్కపొద్దు ఉన్న మనిషి సూది వేసుకోవచ్చా, దానివల్ల ఒక్కపొద్దు చెడుతుందా అన్నది వివాదం. న్యాయమూర్తి పక్కింటి కుప్పమ్మవ్వ. నగరి ముక్కు కొండ పుట్టిన మరుసటి ఏడు పుట్టిందంటారు ఆమెని.

"మాత్తరైతే నోట్లోంచి పోతాది, దానికి ఒక్కపొద్దు చెడతాది" అంది అవ్వ. "సూదికేముండాది మే. అది నోట్లోంచి పోదు గదా."

"యాడేసుకున్న్యావు రత్నమ్మా" అని ఒకామె.

"తొడకేసుకున్న్యా" అంది అక్క.

"తొడ సూస్తాడా సామి" అంది అవ్వ, "నోరు సూస్తాడు గాని."

అందరూ విరగబడి నవ్వారు. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. తీర్పు వచ్చేసింది. సూది వల్ల ఒక్కపొద్దు చెడదు. ఒక్కపొద్దు వల్ల సూది ఏమవుతుందో ఆ కోర్టులో ఎవరూ అడగలేదు. ఎవరికీ తట్టలేదు. అన్నం వస్తుందని నమ్మి లోపలికి పోయిన మందు, అన్నం రాకపోతే ఒంట్లో ఉన్న చక్కెరనే పట్టుకుని కిందికి లాగుతుందని మాకు తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

పూజ ఆలస్యమైంది. గోవిందనామాలు చెబుతూ ఇంటింటికీ తిరిగే భజన వాళ్ళు వచ్చి హారతి ఇవ్వాలి. వాళ్ళకు ఆ రోజు ఊరంతా ఇళ్ళే. ఎండ నడినెత్తికొచ్చింది. అక్కకు చెమటలు పట్టాయి. పొయ్యి దగ్గరుంది కదా అనుకున్నాం. నెయ్యి గిన్నె చేతిలోంచి జారింది. అలసిపోయింది అనుకున్నాం. చిన్నదానికి బావ మీద విసుక్కుంది. ఒక్కపొద్దు రోజు విసుగు ఎవరికైనా ఉంటుంది అనుకున్నాం. ఒక్కో గుర్తుకూ మా దగ్గర ఒక్కో సమాధానం సిద్ధంగా ఉంది.

భజన వాళ్ళు వచ్చారు, హారతి ఇచ్చారు, వెళ్ళారు. పిండి దీపం వెలుగుతోంది. దీపం ఎంతసేపు వెలిగితే ఇంటికి అంత మంచిదని, తగ్గినప్పుడల్లా ఎవరో ఒకరు భక్తిగా ఒక చెంచా నెయ్యి పోస్తున్నారు.

అప్పుడు అక్క ఊగడం మొదలుపెట్టింది.

పటం ముందు కూర్చునే ఊగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవర్నీ చూడటం లేదు. ఒళ్ళంతా తడిసిపోయింది. గొంతులోంచి మూలుగు లాంటిది వచ్చింది. కుప్పమ్మవ్వ చేతులెత్తి దండం పెట్టింది.

"సామి వచ్చిండాడు. ఎవురూ తాకబాకండి."

ఇంట్లో ఉన్న అందరమూ చేతులు జోడించాం. కర్పూరం వెలిగించారు. ఆమె మీద పసుపునీళ్ళు చల్లారు. బావ తరఫు ఒకామె ముందుకొచ్చి, కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుంది సామీ అని అడిగింది. ఇంకొకరు, తువ్వాళ్ళకు మళ్ళీ ఆర్డర్లు వస్తాయా సామీ అన్నారు.

అక్క నాలుక మందంగా తిరిగింది. "తీపి" అంది. "తీపి పెట్టండి."

"సామి తీపి అడగతా ఉండాడు" అంది అవ్వ. "పొంగలి తెండి, పొంగలి."

ఎవరో పరుగెత్తి గిన్నెడు చక్కెర పొంగలి తెచ్చారు. తెచ్చి పటం ముందు పెట్టారు. అక్క ముందు కాదు, పటం ముందు. అడిగింది స్వామి కదా.

అక్క చెయ్యి చాచింది. ఆ చేతిలో తులసాకు పెట్టారు.

ఇక్కడ నేనేమీ పెంచడం లేదు. ఆమెకు మూరెడు దూరంలో బెల్లం ముద్ద దీపమై వెలుగుతోంది. దాని పక్కన పొంగలి పొగలు కక్కుతోంది. ఆమె చేతిలో తులసాకు ఉంది.

కాసేపటికి అక్క పక్కకు ఒరిగింది. స్వామి దిగిపోయాడన్నారు. పూనకం దిగిన మనిషి నిద్రపోతుంది, కదిలించకూడదన్నారు. తల కింద దిండు పెట్టారు. ఎవరో నోట్లో తీర్థం పోయబోతే అది పెదవి చివర నుంచి కారిపోయింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మేము ఆకలితో దాని చుట్టూ కూర్చుని ఉన్నాం.

మాట్లాడని మా బావే మాట్లాడాడు. ఆమె పాదాల దగ్గర కూర్చుని అరికాళ్ళు పట్టుకుని చూశాడు.

"సల్లగా అయిపోయిండాది" అన్నాడు. "ఇది సామి కాదప్పా. నా పెండ్లాం గురక నాకు తెలీదా. ఇది గురక కాదు."

ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. నర్సమ్మ వేలు పొడిచి, చేతిలోని చిన్న మిషన్ వంక చూసి, మా మొహాలు చూడకుండానే గ్లూకోజు తెమ్మని కేకేసింది. నరంలోకి ఎక్కించారు. చక్కెర పైకి వచ్చింది. అక్క రాలేదు. తిరుపతికి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాం. కొన్ని రోజులు మిషన్ల మధ్య ఉంది. కళ్ళు తెరవలేదు.

అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కూర్చోబెట్టి చెప్పింది. చక్కెర బాగా పడిపోతే మనిషి వణుకుతుంది, చెమట పడుతుంది, ఏదేదో మాట్లాడుతుంది, తాగినట్టు ఊగుతుంది, తర్వాత స్పృహ పోతుంది. మెదడుకు చక్కెరే తిండి. అది ఎక్కువసేపు అందకపోతే ఇక తిరిగి రాదు.

"ఊగుతున్నప్పుడు కొంచెం బెల్లం పెట్టి ఉంటే సరిపోయేదా అమ్మా" అని అడిగాడు బావ.

"మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడు పెట్టి ఉంటే చాలావరకు లేచేది" అంది ఆవిడ.

బావ తల ఊపాడు.

అక్క పోయింది. కర్మ అయిన మరునాడే బావ రెండు మగ్గాలూ వేశాడు. జనం తప్పుపట్టారు. ఆ ఇంట్లో నిశ్శబ్దం నేను విన్నాను కాబట్టి నేను తప్పుపట్టలేదు.

అసలు విషయం దీని తర్వాతి ఏడు జరిగింది.

మళ్ళీ పెరటాసి వచ్చింది. మళ్ళీ శనివారం. నేను ఏ ఇంటికీ తళిగకు వెళ్ళదలచుకోలేదు. పండుగ చీరల సేల్ ఒకటి ఉంటే, ఆటోలో నేనూ బయల్దేరాను. మామూలుగా నేను వెళ్ళను, పెన్‌డ్రైవ్ వెళ్తుంది, గొంతు వెళ్తుంది. ఆ రోజు గదిలో ఒక్కణ్ణే కూర్చోలేక వెళ్ళాను. ఆటో నడిపేది సుందరం. అతనికి నా గొంతు విని విని చెవుల్లో కాయలు కాచాయి. పెళ్ళాం పిలిచినా తగ్గింపు ధరలో పిలిచినట్టే వినిపిస్తుందంటాడు.

మధ్యాహ్నానికి కార్వేటినగరంలో ఒక సన్న వీధిలోకి వెళ్ళాం. ఎదురుగా నీళ్ళ ట్యాంకరు అడ్డంగా నిలబడి, బిందెలకు నీళ్ళు పడుతోంది. వెనక్కి తిప్పే చోటు లేదు. ఒక పెంకుటింటి ముందు ఆగిపోయాం. పైన హారన్లలో నా రికార్డు తిరుగుతూనే ఉంది. నేను సుందరం పక్కన, సరిగ్గా హారన్ల కింద కూర్చుని ఉన్నాను. రికార్డు చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది. అది నాకు స్పష్టంగా గుర్తు.

ఆ పెంకుటింట్లోంచి ఒక చిన్న వయసు కోడలు గబగబా బయటికొచ్చింది. పేరు కల్పన అని తర్వాత తెలిసింది. వెనకే ఆమె మామ, తన భార్య రాజమ్మను పొదివి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. రాజమ్మ గడ్డం మీద, రవిక మీద తెల్లగా పిండి అంటుకుని ఉంది.

"అన్నా, మా అత్తను ఆసుపత్రికి తీస్కపోవాల. ఎక్కించుకోండి" అంది కల్పన.

నేను దిగి చోటిచ్చాను. మైకు ఆపేశాను. ట్యాంకరు వాణ్ణి కదలమని, ఈసారి రికార్డు లేకుండా నా సొంత గొంతుతో అరిచాను. కదిలాడు. ఎవడైనా కదులుతాడు.

దారిలో రాజమ్మకు తెలివి పూర్తిగా వచ్చింది. రాగానే మొదటి మాట, "దీపం ఎవురు మే ఆర్పింది" అని.

"నేనే అత్తా."

"నోట్లో ఏందిది?"

"దీపం పిండి. నేనే పెట్నా. నోరు మూసుకుని మింగత్తా, ఇంకా ఉండాది" అంది కోడలు, చేతిలో ఉన్న మిగతా ముద్ద విరిచి పెడుతూ.

"పెరటాసి మూడో శనివారం దీపం ఆర్పినావా. నువ్వు ఇంటికి రా, నీ కత సెప్తా."

అలా అంటూనే మింగింది. ఆసుపత్రిలో వేలు పొడిచి చూశారు. అప్పటికే కొంచెం పైకి వచ్చింది గాని ఇంకా తక్కువే. రాజమ్మ కూడా పొద్దున సూది వేసుకుని ఒక్కపొద్దు ఉంది. ఆమె కూడా పటం ముందు ఊగింది. వాళ్ళ ఇంట్లో కూడా అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. చూసిన డాక్టరు, ఇంకాసేపు ఆలస్యమైతే చెప్పలేమని, ముందే తీపి పెట్టి మంచి పని చేశారని కల్పనను మెచ్చుకున్నాడు. సాయంత్రందాకా ఉంచి, కొద్దికొద్దిసేపటికీ మళ్ళీ మళ్ళీ చక్కెర చూడమన్నాడు. ఒకసారి పైకి వచ్చినా మందు ఒంట్లో ఉన్నంతసేపు మళ్ళీ పడిపోవచ్చట.

వరండాలో కల్పన నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీ మైకులో సెప్పినామె ఎవురు? ఆయమ్మకు దండం పెట్టుకోవాల" అంది.

నాకు అర్థం కాలేదు. మైకులో ఉన్నది నేనొక్కణ్ణే అన్నాను.

"కాదన్నా, ఆడమనిషి. మేమందరం దండం పెట్టుకోని నిల్చోని ఉండాము. అత్త ఊగతా ఉండాది. బయట మీ మైకు చీరలు చీరలు అని అరస్తా ఉండె. ఉన్నట్టుండి ఆ అరుపు నిల్చిపోయి ఒకామె మాట్లాడింది. 'దీపం ఆర్పండి నాయనా. సామి కాదు. ఆయమ్మకు ఆకలైతా ఉండాది' అనింది. నేను దడుసుకున్న్యా. దీపం ఆర్పమని ఎవురైనా అంటారా? కొండెక్కించమని గూడా అనలా, ఆర్పమనింది. మళ్ళీ అదే మాట సెప్పింది. నాకేం తోచలా. ఆర్పేసి, పిండి నోట్లో పెట్టేసినా."

బెంచీ మీద కూర్చున్నాను. ఇంకెవరైనా విన్నారా అని అడిగాను. ఆమె మామను పిలిచింది. ఆయన విన్నాడు. ఆయన పటం గదిలో కాదు, పెరట్లో ఉన్నాడట. ఎవరో ఆడమనిషి మైకులో దీపం ఆర్పమంటోందే, ఇదేం అపశకునం అని కోపంతో లోపలికి వచ్చేసరికి కోడలు ఆర్పేసిందట.

అందరం ఆటో దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ ముందే పెన్‌డ్రైవ్ పెట్టి మొదటి నుంచి చివరిదాకా వినిపించాను. నా గొంతు, చీరలు, మళ్ళీ నా గొంతు. అందులో ఆడగొంతు ఎక్కడా లేదు. కల్పన తల అడ్డంగా ఊపింది.

సుందరాన్ని అడిగాను. "అన్నా, నేను హారన్ కిందనే కూసోనుండా. నీ గొంతు తప్ప ఈగ గొంతు గూడా రాలేదు. రికార్డు నిల్చిపోలా" అన్నాడు. నాకు తెలిసింది కూడా అదే.

మరుసటి రోజు మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఎదురింటి అరుగు మీద కూర్చునే ఆమెను అడిగాను. ఆమెకు ముందురోజు ఎవరు ఏమి చెప్పారో తెలియదు, ఆసుపత్రికి రాలేదు. మైకులో ఆడమనిషి ఏమో చెప్పింది, మాటలు సరిగా పట్టుకోలేదు, కోపంగా మాత్రం లేదు అంది. ఊళ్ళో గుడి మైకు వాళ్ళని అడిగాను. ఆ వేళ నాదస్వరం రికార్డు తప్ప ఇంకేమీ వెయ్యలేదన్నారు. ఇంకో ఆటో వచ్చే వీల్లేదు, వీధిని ట్యాంకరు మూసేసింది. తిరుపతిలో మైకుసెట్లు బాగుచేసే అతను, ఒక్కోసారి ఆంప్లిఫయరు రేడియోనో ఇంకేదో పట్టుకుంటుందన్నాడు. అయితే హారన్ కింద కూర్చున్న మీకే ముందు వినిపించాలి కదా అని అతనే అన్నాడు.

కల్పనను ఇంకొక్కటి అడిగాను. ఆ గొంతు ఎలా ఉంది అని. గట్టిగా ఉంది, కానీ అరిచినట్టు లేదు అంది. కాస్త ఆలోచించి, "వెనకాల మగ్గం ఆడతా ఉన్నట్టుండె అన్నా. మా అమ్మోళ్ళ ఊర్లో మగ్గాలుండాయి, ఆ సద్దు నాకు తెలుసు" అంది. ఆ వీధిలో మగ్గాలు లేవు. మా అక్క గురించి అప్పటికి నేను ఆమెకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

అప్పటి నుంచి పెరటాసి నెలలో నేను చేసే ప్రతి రికార్డు చివరా కొన్ని మాటలు ఊరికే చేర్చి ఇస్తున్నాను. షుగరుకు మందు వాడేవాళ్ళు ఒక్కపొద్దు ఉండాలనుకుంటే ముందుగా డాక్టరును అడగాలని. సూది వేసుకుని తినకుండా ఉండొద్దని. చెమట, వణుకు, తడబడే మాట కనబడితే స్వామి అనుకోకుండా చక్కెర నోట్లో పెట్టాలని. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని. చీరల గొంతుతో కాదు, మామూలు గొంతుతో చెబుతాను. సేలు వాళ్ళు కొందరు, ఇది వింటే జనానికి కొనబుద్ధి కాదని గొణుగుతారు. వేరే గొంతు చూసుకోమంటాను.

జరిగినదంతా చెప్పడానికి నగరి వెళ్ళాను. బావ రెండు మగ్గాల మధ్య నిలబడి తెగిన పోగు ముడేస్తున్నాడు. ఆ రొదలోనే, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొదటి నుంచి చెప్పాను. ఆయన నన్ను ఎక్కడా ఆపలేదు, ఎక్కడా అడ్డురాలేదు. నవ్వుతాడేమో, ఏడుస్తాడేమో అని చూశాను. ముడి వెయ్యడం ఆపలేదు.

అంతా అయ్యాక ఒక మగ్గం ఆపాడు. తర్వాత రెండోది ఆపాడు.

"ఆయమ్మ తినిందా?" అన్నాడు.

"తినింది బావా."

"మింగిందా?"

"మింగింది. కోడల్ని తిట్టింది గూడా."

ఆయన మగ్గం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు.

నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే మా అక్క తన ఇంటికి రావాలి, మొగుడి దగ్గరికి రావాలి, కనీసం నా దగ్గరికి వచ్చి నాలుగు తిట్టాలి. కాబట్టి అది ఆమె అని నేను అనను. ఆమె కాదు అనడానికీ నోరు రాదు. ముగ్గురు మనుషులు మూడు చోట్ల ఉండి ఒక ఆడగొంతు విన్నారు. వాళ్ళకు నాతో పనిలేదు, అబద్ధం చెప్పే అవసరం లేదు. ఒక మనిషి బతికింది. నా దగ్గర దీనికి వివరణ లేదు. ఆ వేళ హారన్ల కింద కూర్చుని నేను విన్నది మాత్రం పండుగ చీరలు అమ్ముతున్న నా గొంతు ఒక్కటే.